ఎనిమిది పత్రికలు, ఒక రేకుల గది

జర్నలిజం చదివే పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలిచి, మీ ఉద్యోగంలో మీరు గర్వపడే వార్త ఏదో చెప్పండి సార్ అని అడుగుతుంటారు. గర్వపడే వార్తలు నాలుగైదు ఉన్నాయి గానీ అవి చెబితే పిల్లలకు ఆవలింతలొస్తాయి. అందుకని నేను పరువు పోగొట్టుకున్న వార్త గురించి చెబుతాను. అది మొదలుపెట్టగానే వెనక బెంచీలవాళ్లు కూడా ఫోన్లు పక్కన పెడతారు.

నేను ఒక తెలుగు దినపత్రికలో విశ్వవిద్యాలయం వార్తలు రాసేవాణ్ణి. ఇది రిటైరవడానికి రెండేళ్ల ముందు మాట. క్యాంపస్‌లో రోజూ ఏదో ఒకటి ఉంటుంది. సదస్సు, ధర్నా, పుస్తకావిష్కరణ, మళ్లీ ధర్నా. అన్నిటికీ వెళ్లడం ఒక మనిషి వల్ల కాదు. అందుకని మేం ఎనిమిది పత్రికల విలేకరులం ఒక పద్ధతి పెట్టుకున్నాం. రోజుకొకరి వంతు. వంతు ఎవరిదైతే వాళ్లు సభకు వెళ్లి, వార్త రాసి, మా వాట్సాప్ గ్రూపులో పెడతారు. దాన్ని మేం కామన్ కాపీ అనేవాళ్లం. మిగతా ఏడుగురం మొదటి వాక్యం అటూ ఇటూ మార్చి, ఎవరి పత్రికకు వాళ్లం పంపేసుకునేవాళ్లం. మధ్యాహ్నం మూడింటికి తార్నాక చౌరస్తా దగ్గరి హోటల్లో చాయ్ తాగుతూ ఈ పని చేసేవాళ్లం. ఆఫీసుల్లో మాత్రం ఎవరికీ తెలియదు. ఎనిమిది మంది ఎడిటర్లూ తమ విలేకరి ఎండలో పడి తిరుగుతున్నాడనే అనుకునేవారు.

ఇందులో తప్పేముంది అని మీరు అనొచ్చు. నేనూ అదే అనుకునేవాణ్ణి.

ఆ ఏప్రిల్‌లో నా వంతు రోజున క్యాంపస్‌లో వాతావరణ మార్పు మీద సదస్సు జరిగింది. వాతావరణ మార్పు వార్తలంటే మాకప్పట్లో పెద్ద బెంగ ఉండేది కాదు. ఎండాకాలం వస్తే ముఖానికి చున్నీ చుట్టుకుని స్కూటీ నడిపే అమ్మాయి ఫోటో, పక్కన వాతావరణ కేంద్రం చెప్పిన నాలుగు ముక్కలు, కింద ఒక నిపుణుడి మాట. నిపుణుడు కూడా మాకు స్థిరంగా ఒకాయనే ఉండేవారు. బౌద్ధనగర్‌లో ఉండే రిటైర్డ్ ప్రొఫెసర్. ఆయన అసలు చదివింది రాళ్ల గురించి. కానీ ఎప్పుడు ఫోన్ చేసినా రెండో రింగులో ఎత్తేవారు. పత్రికలవాడికి అంతకు మించిన పాండిత్యం ఏం కావాలి? భూకంపం వచ్చినా, వాన రాకపోయినా, ఎండ ముదిరినా ఆయనే మాకు నిపుణుడు.

సదస్సుకు వెళ్లాను. ప్రారంభోపన్యాసం గంటంపావు సాగింది. హాల్లో ఫ్యాన్లు తిరిగీ తిరగనట్టున్నాయి. భోజనం తర్వాత ఒక పరిశోధక విద్యార్థిని మాట్లాడుతుందని కార్యక్రమంలో ఉంది. ఆమె ఉపన్యాస సారాంశం రెండు పేజీలు ముందే చేతికిచ్చారు. కాగితం చేతిలో ఉండగా మనిషి మాట్లాడేదాకా ఆగడం ఎందుకని నేను భోజనం ముగించి హోటల్‌కు వచ్చేశాను.

సారాంశం మొదటి పేజీలో, చెట్లు దట్టంగా ఉన్న క్యాంపస్‌లో సాయంత్రాలు చుట్టుపక్కల బస్తీల కంటే తొందరగా చల్లబడుతున్నాయని ఉంది. రెండో పేజీలో ఏముందో నేను చూడలేదు. చూశానని చెప్పుకుంటే బాగుండును గానీ చూడలేదు. ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేశాను. రెండో రింగులో ఎత్తారు.

"సార్, చెట్లున్నచోట చల్లగా ఉంటుంది కదండీ?"

"ఉంటుందయ్యా."

"అంటే మన తార్నాక వైపు వాతావరణ మార్పు ప్రభావం తక్కువన్నమాట?"

"ఒక రకంగా అలా అనుకోవచ్చు, కాకపోతే..."

నా పెన్ను 'అనుకోవచ్చు' దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన అయిదు నిమిషాలు మాట్లాడారు. నేను ఊఁ కొడుతూ రెండో చాయ్ చెప్పాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇలాంటి 'కాకపోతే'లు ఎన్ని వదిలేశానో లెక్కే లేదు. అసలు సంగతంతా వాటి వెనకే ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

కామన్ కాపీ రాసి గ్రూపులో పెట్టాను. "తార్నాక పరిసరాల్లో వేడి తగ్గుముఖం. పరిశోధనలో వెల్లడి." మర్నాడు ఎనిమిది పత్రికల్లోనూ వచ్చింది. ఇంగ్లీషు పత్రికలో మా ప్రొఫెసర్‌గారు ఏకంగా సంతోషం వ్యక్తం చేశారు. ఒక పత్రికవాళ్లు మంచుముక్క మీద నిలబడిన తెల్ల ఎలుగుబంటి ఫోటో వేశారు. వాతావరణ మార్పు అనగానే వాళ్ల కంప్యూటర్లో దొరికేది ఆ ఫోటో ఒక్కటే. తార్నాక వార్తకు అది ఎందుకని అడిగే ఓపిక ఆ పూట ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఆ రోజే మూడింటికి హోటల్లో మా బల్ల దగ్గరికి ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. భుజానికి సంచీ, చేతిలో ఎనిమిది పత్రికలు.

"క్యాంపస్ వార్తలు రాసేది మీరేనాండీ?"

మేం ఎనిమిది మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సదస్సులో మాట్లాడిన పరిశోధకురాలు ఆమే. గుంటూరు వైపు అమ్మాయి. తల్లి మిషన్ స్కూల్లో టీచరట. పత్రికలు ఒక్కొక్కటే బల్ల మీద పెడుతూ పోయింది.

"నేను మాట్లాడింది పన్నెండు నిమిషాలండీ. మీలో ఒక్కరు కూడా హాల్లో లేరు. నాకు బాగా గుర్తు, ముందు వరసంతా ఖాళీ. మరి ఇంతమంది ఇన్ని పత్రికల్లో ఒకే తప్పు ఎలా రాశారండీ?"

అందరూ చాయ్ కప్పుల్లోకి చూశారు. నేను చెయ్యెత్తాను. బళ్లో ఎత్తినట్టే.

ఆమె రెండో పేజీలో ఉన్నది ఇది. అడిక్‌మెట్‌లో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లుండే లాడ్జీలున్నాయి. మేడ మీద చివరి అంతస్తులో సిమెంటు రేకులేసి గదులు అద్దెకిస్తారు. ఆ గదులు పొద్దంతా కాగి రాత్రంతా ఆ వేడిని దిగనివ్వవు. క్యాంపస్ చెట్ల కింద చల్లగా ఉందన్న మాట, నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్న ఈ గదులు ఎంత కాలుతున్నాయో చెప్పడానికి రాసిన మొదటి వాక్యం మాత్రమే. నేను దాన్ని పట్టుకుని మొత్తం తలకిందులు చేశాను.

"దానివల్ల నాకు పరువు నష్టమేం లేదు సార్, పనే ఆగిపోయింది," అంది.

అదెలా అంటే, ఒక లాడ్జీ యజమానురాలిని ఆమె నెల రోజులు బతిమాలి ఒప్పించింది. పక్కపక్కనున్న రెండు రేకుల గదుల్లో ఒకదాని రేకుల మీద తెల్ల సున్నం వేస్తుంది, రెండోదాన్ని అలాగే వదిలేస్తుంది. రెండిట్లోనూ వేడిని రాసుకునే చిన్న మిషన్లు పెట్టి మే అంతా చూస్తుంది. ఆ తేడాయే ఆమె సిద్ధాంత గ్రంథానికి ప్రాణం. ఫెలోషిప్ ఈ ఏడాదితో అయిపోతుంది, మళ్లీ ఎండాకాలం దాకా ఆగడానికి లేదు. పొద్దున్నే యజమానురాలు పత్రిక చూసి, ఎండ తగ్గిందట కదా, ఇంక సున్నం ఎందుకని వద్దనేసింది.

నాకు సిగ్గేసింది. ఇక్కడ అందంగా చెప్పడానికేం లేదు, నిజంగా సిగ్గేసింది. ఆ సాయంత్రమే మా డెస్క్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లి, ఇవాళ వచ్చిన నా వార్త తప్పు, సవరణ వేద్దామన్నాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఎనిమిది పత్రికల్లో వచ్చిన వార్త తప్పెట్ల అయితది? మనమొక్కరం తప్పంటే రేపు మనమే తప్పయితం."

ఆ ఎనిమిదీ నేనే రాశానని గొంతు దాకా వచ్చింది. చెబితే నాతోపాటు ఏడుగురి ఉద్యోగాల మీదికొస్తుంది. మింగేశాను. నా తప్పుకు నేనే ఏడుగురు సాక్షుల్ని తయారుచేసి పెట్టాను. ఇప్పుడు వాళ్లే నన్ను నోరెత్తనివ్వడం లేదు. మర్నాడు చాయ్ బల్ల దగ్గర సంగతి పెట్టాను. ఒకేరోజు ఎనిమిది సవరణలు పడితే మన బండారం బయటపడదా అన్నాడు ఇంగ్లీషు పత్రికాయన. ఆయన ఎండాకాలంలో కూడా చొక్కా టక్ చేసుకుని పైగుండీ పెట్టుకునే మనిషి. పద్ధతి తప్పడం ఆయనకు ఇష్టం ఉండదు.

ఇక మిగిలింది ఒకటే దారి. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని అడిక్‌మెట్ వెళ్లాను. యజమానురాలికి అరవై ఉంటాయి. వరండాలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. పక్క స్టూలు మీద రెండు పత్రికలున్నాయి.

"అమ్మా, ఆ వార్త తప్పండీ," అన్నాను.

"రెండు పేపర్లు తప్పు, నువ్వొక్కనివి కరెక్టా?"

"ఆ రెండూ నేనే రాశానమ్మా."

ఆమె చిక్కుడుకాయ పట్టుకున్న చెయ్యి ఆగింది.

"రెండు పేపర్లల్ల నౌకరీ చేస్తవా సారు?"

చేసేది లేక మా వంతుల సంగతంతా చెప్పాను. కామన్ కాపీ, మొదటి వాక్యం మార్చుకోవడం, అన్నీ. నా పక్కనున్న అమ్మాయికి అప్పుడర్థమైంది ఎనిమిది పత్రికల రహస్యం. నిన్నట్నుంచీ ముడుచుకుని ఉన్న మొహం కాస్తా విప్పి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. యజమానురాలు నవ్వలేదు.

"అయితే నేను పొద్దుగాల చాయ్ చల్లగైతున్నా పట్టించుకోకుండ రెండు పేపర్లు ఎందుకు చదువుతున్న?"

నేను మెల్లగా సున్నం సంగతి ఎత్తాను.

"రేకుల మీదికి మనుషులెక్కితే పగుల్తయి. వానకు కారితే నేనే పరేషాన్ గావాలె. ఊకెనే ఒప్పుకుంటనా? మళ్ల సరిగ్గ రాయండ్రి. గప్పుడు చూస్త."

బయటికొచ్చాక అమ్మాయి అంది, "ఈసారి మొత్తం అయ్యేదాకా ఉండండి సార్." నవ్వుతూనే అంది గానీ తగలాల్సిన చోట తగిలింది.

ఆ రాత్రి గ్రూపులో ఒక సందేశం పెట్టాను. "రేపు మూడింటి చాయ్ అడిక్‌మెట్‌లో. చిన్న ప్రెస్‌మీట్. భోజనం ఉంది." భోజనం అనే మాట లేకపోతే మా వాళ్లు కదలరని నాకు తెలుసు. మా ఆవిడను బతిమాలి పులిహోర, పెరుగన్నం చేయించాను. దేనికని అడిగింది. చేసిన తప్పు దిద్దుకోవడానికి అన్నాను. అయితే పెద్ద గిన్నెతోనే చెయ్యాలి అంది.

మర్నాడు యజమానురాలు తాళంచెవి ఇస్తే, ఎనిమిది మందిమీ, ఆ అమ్మాయీ మూడంతస్తులు ఎక్కి ఒక రేకుల గదిలో కూర్చున్నాం. ఇనుప మంచం, గోడకు ఆనించి పుస్తకాల దొంతర, తిరుగుతూ పైనున్న వేడినంతా మా నెత్తిమీదికి తోసే ఫ్యాను. పది నిమిషాల్లో ఇంగ్లీషు పత్రికాయన పైగుండీ విప్పాడు. పదిహేను నిమిషాలకు టక్ ఊడింది. మరో పత్రికలో పనిచేసే ఆవిడ గోడకు వీపు ఆనించబోయి ఉలిక్కిపడి లేచింది. ఒకాయన చేతులు కడుక్కుందామని బకెట్లో చెయ్యి పెట్టి, "ఎవరో వేడినీళ్లు పెట్టారండీ," అన్నాడు. ఎవరూ పెట్టలేదు. పెరుగన్నం గంటలో పులిసింది. ప్రెస్‌మీట్ ఎప్పుడని అడిగారు. జరుగుతోంది అన్నాను. నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, వాళ్లలో కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు.

యజమానురాలు మజ్జిగ పంపింది. ఆమె మోకాళ్ల నొప్పులవల్ల ఆ మెట్లెక్కి చాలా ఏళ్లయిందట.

అయిదవుతుండగా ఆ గదిలో ఉండే కుర్రాడు లైబ్రరీ నుంచి వచ్చాడు. నల్లగొండ జిల్లా అబ్బాయి. గ్రూప్స్ పరీక్షకు రెండోసారి చదువుతున్నాడు. తన మంచం మీద అంతమంది పెద్దమనుషులు చొక్కా గుండీలు విప్పుకుని విసురుకుంటుంటే చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. విలేకరులమని చెప్పగానే మొహం వెలిగిపోయింది.

"సార్, కరెంట్ అఫైర్స్ అంతా మీ పేపర్లకెల్లే చదువుత," అని దొంతరలోంచి ఒక నోట్‌బుక్ తీసి చూపించాడు. పత్రికల ముక్కలు కత్తిరించి వరసగా అతికించుకున్నాడు. 'వాతావరణ మార్పు' అని పైన రాసుకున్న పేజీలో చివరి ముక్క నాది. "తార్నాక పరిసరాల్లో వేడి తగ్గుముఖం." దాని కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు.

"ఈ గదిలో కూర్చునే దీనికింద గీతలు పెట్టావా నాయనా?" అన్నాను.

"పెట్టిన సార్. పరీక్షల అడుగుతరేమోనని."

"మరి నీకు ఇక్కడ వేడిగా లేదూ?"

"రాత్రి తడి టవల్ కప్పుకొని పంట సార్. గంటకోసారి మళ్ల తడపాలె. కానీ అన్ని పేపర్లల్ల తగ్గిందని వచ్చింది కదా. నా గది ఒక్కటే గిట్లున్నదేమో అనుకున్న."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెమటలో కలిసిపోయాయి కాబట్టి సరిపోయింది. తన ఒంటి మీద కారుతున్న చెమటను కాదని ఆ పిల్లాడు నన్ను నమ్మాడు. నేను ఆ పూట హాల్లో కూడా లేనని అతనికి తెలియదు.

"కామన్ కాపీ ఎప్పుడు పెడతావు?" అని ఇంగ్లీషు పత్రికాయన మెల్లగా అడిగాడు.

"ఈ రోజు పెట్టను. అందరం ఇక్కడే ఉన్నాం కదా, ఎవరిది వాళ్లు రాసుకుందాం," అన్నాను.

కాసేపు గొణుక్కున్నారు. చాలా ఏళ్లుగా అలవాటు తప్పిన పని. తర్వాత ఒక్కొక్కరే పుస్తకాలు తీశారు. మా పరిశోధకురాలు తన నోట్‌బుక్‌లో అంకెలు చూపిస్తూ ఒక్కొక్కరి పక్కనా కూర్చుని చెబుతుంటే, ఎనిమిది మందిమీ ఎనిమిది రకాల ప్రశ్నలడిగాం. ఈసారి ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేసి, మొన్న 'కాకపోతే' తర్వాత ఏం చెప్పారో మళ్లీ చెప్పమన్నాను. ఆయన, "ముందు నాది రాళ్ల సబ్జెక్టని రాసుకోవయ్యా, తర్వాత చెబుతాను," అన్నారు. రాసుకున్నాను.

నా వార్త మొదటి వాక్యం ఇలా పెట్టాను: మొన్న ఈ పత్రికలో వచ్చిన వార్త తప్పు, రాసింది నేనే. మా ఇన్‌చార్జి అది చదివి చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. "గిట్ల మిగతావాళ్లెవరన్నా రాస్తున్నరా?" అన్నాడు. తెలియదు సార్ అన్నాను. ఉద్యోగంలో ఆ ప్రశ్నకు నిజంగా తెలియదని చెప్పడం నాకదే మొదటిసారి, భలే హాయిగా ఉండింది. వాదించగా వాదించగా 'రాసింది నేనే' కొట్టేసి 'తప్పు' ఉంచాడు.

పొద్దున ఎనిమిది పత్రికలు ముందేసుకుని చిన్నపిల్లాడిలా చదివాను. ఒకదానికొకటి పోలిక లేదు. ఒకాయన బకెట్ నీళ్ల గురించి రాశాడు. గోడకు ఆనబోయి ఉలిక్కిపడ్డావిడ గోడ గురించి. టక్ ఆయన కుర్రాడి నోట్‌బుక్ గురించి రాశాడు. ఎంత బాగా రాశాడంటే నాకు అసూయ కలిగింది. ఒక పత్రికలో మాత్రం మళ్లీ ఎలుగుబంటే వచ్చింది.

ఆ పత్రికలన్నీ చంకలో పెట్టుకుని, అమ్మాయిని తీసుకుని ధీమాగా అడిక్‌మెట్ వెళ్లాను. యజమానురాలు అప్పటికే తన రెండు పత్రికలూ చదివేసి కూర్చుంది.

"ఏంది సారు, ఒకదాంట్ల నీళ్లని ఉన్నది, ఒకదాంట్ల గోడని ఉన్నది. ఏది నమ్మాలె?"

"రెండూ నమ్మొచ్చమ్మా."

"పోయినసారి రెండు ఒక్కతీరుగ ఉంటే తప్పంటివి. ఇప్పుడు రెండు రెండు తీర్లుంటే నిజమంటున్నవు. నీతోని కాదు గానీ జర ఆగు."

అమ్మాయి నా వైపు భయంగా చూసింది. మే నెల మూడు రోజుల్లో ఉంది. నా ధీమా అంతా ఎటుపోయిందో తెలియలేదు. యజమానురాలు రెండు పత్రికలూ మడిచి స్టూలు కింద పడేసి, కుర్చీలోంచి లేచి మెట్ల దగ్గరికి వెళ్లింది. రెయిలింగు పట్టుకుని పైకి తలెత్తి గట్టిగా కేకేసింది.

"ఓ బిడ్డా! పైన వేడి ఎట్లున్నదిరా?"

రేకుల గది కుర్రాడు పిట్టగోడ మీంచి తొంగిచూశాడు. "కాలిపోతున్నది పెద్దమ్మా! రాత్రంతా నిద్రలేదు."

"మరి ఇన్నొద్దులసంది చెప్పవేందిరా?"

"నువ్వు అడగలే కదా!"

ఆమె రెయిలింగు వదిలి ఇటు తిరిగి అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. "సున్నం రేపే తెప్పియ్యి బిడ్డా. ఒక్క గది పరీక్షకు అట్లనే ఉంచుతనంటివి కదా, గా గదిల ఎవ్వల్నీ పండనియ్య. పోరగాండ్లు కింద హాల్ల పంటరు." అమ్మాయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. పరిశోధనకు కావలసినవి గదులే గానీ వాటిలో పడుకునే మనుషులు కాదు కాబట్టి అంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

నేను చంకలో ఎనిమిది పత్రికలతో నిలబడి ఉన్నాను. వెళ్లొస్తానమ్మా అన్నాను. యజమానురాలు నన్ను ఎగాదిగా చూసింది.

"గింత ఖర్చేముండె సారు? మొదటిరోజే మెట్లకాడ నిలబడి ఒక కేకేస్తే అయిపోతుండె."

అంత తక్కువ మాటల్లో నన్ను తిట్టిన ఎడిటర్ నా సర్వీసు మొత్తంలో లేడు.